ఉయ్యాల బల్లకి ఫ్యాను హుక్కు చాలదు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. తాతల నాటి మండువా లోగిలి తీసేసి రెండేళ్ళ కిందట స్లాబు ఇల్లు కట్టుకున్నాం. పైన గదులు ఇంకా వేయలేదు, డాబా ఖాళీగానే ఉంది. పాత ఇంట్లోని టేకు ఉయ్యాల బల్ల, దాని ఇత్తడి గొలుసులు దాచి ఉంచాం. గొలుసులు ఇన్నాళ్ళూ పశువుల పాకలో గోనెసంచిలో ఉన్నాయి. సంక్రాంతికి హాల్లో ఉయ్యాల వేయించాల్సిందేనని మా అత్తగారి పట్టు. స్లాబు పోసేటప్పుడు కొక్కేలు పెట్టించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కరెంటు పనిచేసే అబ్బాయి, హాల్లో ఉన్న రెండు ఫ్యాను హుక్కులకీ తగిలించేస్తే నలుగురు కూర్చున్నా ఏమీ కాదంటున్నాడు. మా మరిది డ్రిల్లు చేసి నాలుగు యాంకర్ బోల్టులు బిగిస్తే చాలంటాడు. మావారు ఎటూ తేల్చరు. మా పెద్దమ్మాయి పురిటికి వస్తోంది, బారసాలకి చీర ఉయ్యాల కూడా కట్టాలి. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, కోనసీమ

సమాధానం: అమ్మా, ముందు తేల్చాల్సింది తేల్చేస్తాను. ఫ్యాను హుక్కులకి ఉయ్యాల వద్దు. కింద నుంచి బెజ్జం వేసి బిగించే యాంకర్ బోల్టులూ వద్దు. డాబా ఖాళీగా ఉందన్నారు చూశారా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన మాట అది. స్లాబుకి ఈ పక్క నుంచి ఆ పక్కకి బెజ్జం వేసి, పైన ఇనప ప్లేటు మీద కూర్చునేలా బోల్టు దించే వీలు మీకు ఇప్పుడుంది. పైన గదులు కట్టేసి టైల్స్ పరిచేశాక అదే పనికి నేల తవ్వాల్సి వస్తుంది. కాబట్టి మీ అత్తగారి పట్టు సరైన టైములోనే వచ్చింది.

ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే ముందు బరువు లెక్క చూడాలి. బల్ల కొలత మీరు రాయలేదు. ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం ముప్పావు మందం అనుకుందాం. టేకు ఘనపు మీటరుకి 650 కిలోల చొప్పున వేసుకుంటే బల్ల ఒక్కటే 27 కిలోల దాకా తూగుతుంది. నాలుగు ఇత్తడి గొలుసులూ, వాటి మధ్య చిలకలూ ఏనుగులూ కలిపి ఇంకో 18 కిలోలు వేసుకోండి. ఖాళీ ఉయ్యాలే 45 కిలోలు. పండగ పూట ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చోకుండా ఉండరు, మనిషికి 70 చొప్పున 210. మొత్తం 255 కిలోలు. ఇది ఉయ్యాల కదలకుండా ఉన్నప్పటి మాట.

ఊగడం మొదలెట్టాక లెక్క మారిపోతుంది. నూతిలోంచి చేద మెల్లగా లాగితే చేతికి తెలిసే బరువు ఒకటి, ఒక్కసారి విసురుగా గుంజితే తెలిసే బరువు ఇంకొకటి కదా. ఉయ్యాల ముందుకీ వెనక్కీ 30 డిగ్రీల దాకా లేచి కిందికి వచ్చేటప్పుడు, సరిగ్గా అడుగున ఉన్న క్షణంలో గొలుసుల మీద పడే లాగుడు అసలు బరువుకి సుమారు పాతిక శాతం పైనే ఎక్కువ. 60 డిగ్రీలు లేస్తే సరిగ్గా రెట్టింపు. పెద్దవాళ్ళు అంత ఊగరు. కానీ సంక్రాంతికి వచ్చిన మనవలు నిలబడి తొక్కుతారు, ఊగుతున్న బల్ల మీదికి గెంతుతారు. అందుకని మనం 500 కిలోలకి సిద్ధపడాలి. నాలుగు కొక్కేలున్నాయి కాబట్టి తలా 125 అని పంచేసుకోకండి. నాలుగు గొలుసులూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే పొడవు ఉండవు, మనుషులూ బల్ల మధ్యలోనే కూర్చోరు. ఏ క్షణమైనా రెండు కొక్కేలే మొత్తం మోస్తున్నాయనుకోవాలి. అంటే ఒక్కోదానికి 250 కిలోలు. మనుషుల ప్రాణాలు వేలాడే చోట దానికి నాలుగు రెట్లన్నా నిబ్బరం ఉండాలి. ఒక్కో కొక్కెం టన్ను బరువుకి తెగకూడదు, ఊడకూడదు అన్నది మన లెక్క.

ఇప్పుడు ఫ్యాను హుక్కు సంగతి. ఫ్యాను బరువు మోటారుతో కలిపి నాలుగైదు కిలోలు. స్లాబు పోసేటప్పుడు ఆ హుక్కు రాడ్డుని స్లాబు ఇనుము మీదుగా వంచి కట్టారో, కాంక్రీటు పోసే హడావుడిలో ఫ్యాను బాక్సుతో పాటు ఉత్తినే వదిలేశారో ఇప్పుడు కింద నుంచి చూసి ఎవరూ చెప్పలేరు. ఇనుముని పట్టుకుని ఉంటే గట్టిదే కావచ్చు. ఆ 'ఉంటే' మీద ముగ్గుర్ని కూర్చోబెడతామా? పైగా కరెంటు తీగలు వచ్చేది ఆ బాక్సులోకే. ఉయ్యాల ఊగినప్పుడల్లా కొక్కెం ఇటూ అటూ కదులుతూ వైర్ల పైపొర ఒరుసుకుపోతే, ఇనప రాడ్డూ ఇత్తడి గొలుసూ కరెంటు మోసుకొచ్చే తీగలవుతాయి. ఆ అబ్బాయి పనిమంతుడే కావచ్చు, కానీ ఇది అతని పని కాదు.

మీ మరిది చెప్పింది పూర్తిగా తప్పేం కాదు. మామూలు యాంకర్ ఫాస్టెనర్లు బెజ్జంలో వెడల్పై, పక్కల్ని ఒత్తుకుని, ఆ రాపిడి మీద నిలబడతాయి. గోడకి టీవీ స్టాండు బిగించడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. స్లాబు అడుగుభాగం కథ వేరు. గది మధ్యలో స్లాబు తన బరువుకి తనే కొద్దిగా కిందికి వంగుతుంది, అడుగున కాంక్రీటు సాగుతుంది, కంటికి కనపడని సన్నటి బీటలు తీస్తుంది. అది లోపం కాదు, ఆ సాగుడు భరించడానికే అడుగున ఇనుము వేస్తారు. అలాంటి బీట ఒకటి బోల్టు బెజ్జం గుండా పోయిందంటే పట్టు సడలుతుంది. దానికి రోజూ ఊపులు తోడైతే బోల్టు మెల్లగా జారుతుంది, జారుతున్నట్టు ముందుగా చెప్పదు కూడా. ప్లాస్టిక్ రాల్ ప్లగ్గులైతే తలపైన బరువుకి ఆలోచనలోకే రానీయకండి. కెమికల్ యాంకర్ అనే జిగురు రకం వీటికన్నా నయం. అయితే బెజ్జంలో దుమ్ము ఒక్క పొర మిగిలినా జిగురు కాంక్రీటుని పట్టుకోదు, దుమ్మునే పట్టుకుంటుంది. తలెత్తి పనిచేసేవాడు బ్రష్షు వేసి, గాలి ఊది, మళ్ళీ బ్రష్షు వేసి శుభ్రం చేశాడా లేదా అన్నది జిగురు నింపాక ఎవరికీ కనపడదు. పైన ఇల్లు ఉండి వేరే దారి లేనివాళ్ళకి అది చెబుతాను. మీకు చెప్పను.

బోల్టు సంగతికి ముందు స్లాబు ఆరోగ్యం చూడాలి. రెండేళ్ళ ఇల్లే కదా అనుకోవద్దు. మన డెల్టాలో సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ, రొయ్యల చెరువులు పెరిగిన చోట్లా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఇనుము ఉండే కాంక్రీటుకి వాడే నీళ్ళలో క్లోరైడ్లు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐ.ఎస్. 456, అంటే కాంక్రీటు పనులకి మన దేశపు ప్రమాణం, అంటుంది. ఇనుము లేని ఉత్త కాంక్రీటుకి మాత్రం 2000 దాకా ఒప్పుకుంటుంది. తేడా అంత ఎందుకంటే ఉప్పు చెడగొట్టేది ముఖ్యంగా లోపలి ఇనుముని. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, కింద ఉన్న కాంక్రీటుని నెట్టేస్తుంది, చివరికి పెచ్చులూడతాయి. మీ ఇంటికి నీళ్ళు ఏ బోరువి వాడారో, ఇసుక గోదారి ర్యాంపు నుంచి వచ్చిందో ఏ ఉప్పుటేరు పక్క నుంచి వచ్చిందో మీవారికి గుర్తుండే ఉంటుంది, అడగండి. తర్వాత నిచ్చెన వేసుకుని చిన్న సుత్తితో హాలు కప్పు మెల్లగా తట్టుకుంటూ పోండి. అంతటా ఠంగుమని ఒకే గట్టి మోత వస్తే మంచిది. ఎక్కడన్నా డొల్లగా డొబడొబమంటే, రాడ్డు వెంట వెళ్ళినట్టు తిన్నటి బీట కనిపిస్తే, గోధుమరంగు చార దిగితే ఆ గదిలో ఉయ్యాల మాట మానేసి ముందు స్లాబుకి వైద్యం చేయించండి. సివిల్ విభాగం ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో రీబౌండ్ హ్యామర్, అంటే కాంక్రీటు గట్టిదనం అంచనా వేసే పరికరం, సాధారణంగా ఉంటుంది. అనుమానంగా ఉంటే దాంతో చూపించుకోవచ్చు.

స్లాబు బాగుందనుకుందాం. ఇక్కడ ఒక్కసారి స్ట్రక్చరల్ ఇంజనీర్ని ఇంటికి పిలిచి, డ్రాయింగు ఉంటే చేతికిచ్చి, ఉయ్యాల ఎక్కడ వేయాలో ఆయన చేతే గీత గీయించండి. మేస్త్రి సరిపోడా అంటారేమో. మనుషులు ఎక్కి తిరిగే డాబా స్లాబుకి లెక్కల్లో చదరపు మీటరుకి 150 కిలోల బరువు వేస్తారు, ఇళ్ళలో గదుల నేలకి 200. అది గదంతా పరుచుకున్న బరువు. ఉయ్యాల అదే బరువుని నాలుగు చుక్కల మీద పెట్టి కుదుపుతుంది. మీ స్లాబు నాలుగున్నర అంగుళాలా ఐదా, ఇనుము ఎంత ఎడంలో వేశారు, హాలు ఎంత వెడల్పు అన్నవి కలిపి చూడాల్సిన లెక్క అది. హాలు మధ్యలో బీము వెళ్తుంటే మీ అంత అదృష్టవంతులు లేరు. బీముకి రెండు పక్కలా ఇనప ప్లేట్లు ఆనించి, బీము ఎత్తులో సగానికి అడ్డంగా బెజ్జం వేసి బోల్టు బిగించి, ఆ ప్లేట్లకి కింద కొక్కెం వెల్డింగు చేయించుకోవచ్చు. బీము అడుగు నుంచి మాత్రం పైకి బెజ్జం వేయనీయకండి, దాని ప్రాణమంతా ఆ అడుగు రాడ్లలోనే ఉంది. బీము లేకపోయి స్లాబు చాలదని ఇంజనీరు అంటే ఇంకో మార్గం ఉంది. గది ఈ చివర బీము నుంచి ఆ చివర బీముకి కప్పు కిందుగా రెండు ఇనప గర్డర్లు వేసి, పైన టేకు చెక్క తొడిగించండి. చూసేవాళ్ళకి పాత ఇంటి దూలాల్లాగే ఉంటాయి. నన్నడిగితే స్లాబు బాగున్న ఇంట్లో కూడా ఇదే అందం.

స్లాబుకే వేయొచ్చని ఆయన అంటే పని ఇలా సాగాలి. మొదట మీ ఫోన్లు వెతకండి. స్లాబు పోసే రోజు కొబ్బరికాయ కొట్టి అందరూ ఫొటోలు తీసుకుంటారు. ఆ ఫొటోల్లో వెనకాల పరిచిన ఇనుమూ, దాని మీదుగా ఫ్యాను బాక్సుల నుంచి గోడలకి పాకిన కరెంటు పైపులూ కనిపిస్తాయి. ఏ రాడ్డు ఎక్కడ, ఏ పైపు ఎక్కడ అన్నదానికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. దానికి తోడు లోపలి రాడ్లని పసిగట్టే రీబార్ డిటెక్టరు అద్దెకి తెప్పించి కప్పు మీద సుద్దతో గీతలు గీయించండి. మెయిన్ ఆపేసి (డ్రిల్లుకి పక్కింటి నుంచి వైరు లాక్కోవచ్చు) గీతల మధ్య గళ్ళలో బెజ్జాలు వేయాలి. వేస్తుండగా బూడిదరంగు పొడి బదులు తళతళలాడే ఇనుప రజను రాలినా, డ్రిల్లు ముందుకు పోనని మొరాయించినా ఆపేయమనండి. అది రాడ్డు. దాన్ని కోసేసి ముందుకెళ్ళే మొండివాళ్ళు ఉంటారు. అక్కడ మీరు నిలబడి ఉండాలి. ఆ బెజ్జం గ్రౌటుతో (సందుల్లో నింపే సిమెంటు ముద్ద) పూడ్చి పక్కకి జరగడమే.

పైన డాబా మీద వాలు కోసం వేసిన రెండు మూడంగుళాల పూత ఉంటుంది. ప్లేటు దాని మీద కూర్చోకూడదు. ఆ పూత చెక్కించి అసలు స్లాబు బయటపడ్డాక, నాన్ ష్రింక్ గ్రౌటు (ఆరినా కుంచించుకుపోని రకం) పలచగా పరిచి, ఆరంగుళాల చదరం, 10 మిల్లీమీటర్ల మందం ప్లేటు దాని మీద ఆనించాలి. 16 మిల్లీమీటర్ల బోల్టు పైనుంచి దిగి కిందికి రావాలి. కింద ఇంకో చిన్న ప్లేటు, దానికి అడుగున నట్టు, నట్టు విప్పుకోకుండా లాక్ నట్టు. గొలుసు తగిలే చోట నోరు తెరిచిన ఎస్ ఆకారపు కొక్కెం వద్దు, మూసిన ఉంగరం ఉండాలి. అది కూడా రాడ్డు వంచి అతికించింది కాకుండా, పోత పోయకుండా సమ్మెట దెబ్బ మీద చేసింది, ఎంత బరువు మోయగలదో దాని మీదే ముద్ర వేసి ఉన్నది తెచ్చుకోండి. దుకాణంలో 'తెగే బరువు' చెప్పి అమ్ముతుంటారు. మనకి కావాల్సింది 'రోజూ మోయదగ్గ బరువు'. రెంటికీ నాలుగైదు రెట్లు తేడా ఉంటుంది.

లోహం విషయంలో పిసినారితనం వద్దు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో జి.ఐ. బోల్టుకి, అంటే జింకు పూత వేసిన ఇనప బోల్టుకి, తుప్పు తొందరగా వస్తుంది. స్టెయిన్‌లెస్‌లో కూడా 304 కన్నా 316 రకం ఉప్పుకి బాగా ఆగుతుంది, అందులో మాలిబ్డినం కలుస్తుంది. ఇంకో చిక్కు: ఇత్తడి గొలుసు నేరుగా మామూలు ఇనుముని తాకుతూ ఉంటే, ఉప్పు తేమలో ఆ తాకిన చోట ఇనుము మామూలుకన్నా వేగంగా తినేసుకుపోతుంది. పని అయ్యాక డాబా మీద ప్లేటునీ బోల్టు తలనీ వాటర్‌ప్రూఫింగ్ చేసి, పైన కాంక్రీటుతో చిన్న దిమ్మ కట్టి, నీళ్ళు నిలవకుండా వాలు ఇవ్వండి. లేకపోతే మొదటి వానాకాలానికే ఉయ్యాల కొక్కెం వెంట హాల్లోకి చుక్కలు దిగుతాయి. ఫొటో తీసి దాచండి. రేపు పైన గదులు వేసేటప్పుడు ఆ దిమ్మ ఏమిటో తెలియక ఎవడో పగలగొట్టేస్తాడు.

ఉయ్యాల ఎంత దూరం వెళ్తుందో నేల మీద ముగ్గుపిండితో గీసి చూసుకోండి. పదడుగుల కప్పు, నేలకి అడుగున్నర ఎత్తులో బల్ల అనుకుంటే గొలుసు ఎనిమిదిన్నర అడుగులు. 30 డిగ్రీలు ఊగితే బల్ల ముందుకి నాలుగడుగుల పైచిలుకు, వెనక్కీ అంతే. దాని మీద కాళ్ళు చాపిన మనిషి. టీవీ, షోకేసు అద్దాలు, మూల బల్ల ఈ దారిలో లేకుండా చూడండి. ఫ్యాను ఇంకా ముఖ్యం. బల్ల మీద నిలబడి ఊగే పదేళ్ళ పిల్లాడు చెయ్యి పైకెత్తితే తిరుగుతున్న రెక్కకి తగలొచ్చు. ఆ ఫ్యాను అక్కణ్ణించి తీయించేసి గోడ ఫ్యాను పెట్టుకోండి. కరెంటు అబ్బాయికి అసలు పని ఇక్కడుంది.

అంతా అయ్యాక మనుషులు ఎక్కే ముందు బస్తాలు ఎక్కాలి. మన 75 కిలోల ధాన్యం బస్తాలు ఆరు వేస్తే 450, ఉయ్యాల బరువుతో కలిపి ఇంచుమించు 500. ఇంజనీరు సరేనన్నాకే చేయాలి. గొలుసులు పొడిగించి బల్లని నేలకి మూడంగుళాల ఎత్తులో ఉంచండి, కింద చెక్కముక్కలు పేర్చండి, ఒక్కో బస్తా మెల్లగా దించండి. కొక్కెం ఊడినా పడేది ఆ మూడంగుళాలే. బస్తాలు వేశాక బల్ల నాలుగు మూలలా ఎత్తు కొలిచి రాసుకుని, ఒక రాత్రి అలా వదిలేయండి. పొద్దున్నే మళ్ళీ కొలవండి, కప్పు మీద ప్లేట్ల చుట్టూ సన్న గీతలేమైనా వచ్చాయేమో టార్చి వేసి చూడండి. గ్రౌటు గట్టిపడడానికి డబ్బా మీద రాసిన గడువు పూర్తిగా ఇవ్వాలి. అందుకని భోగి ముందు రోజు మొదలుపెట్టే పని కాదిది, కార్తీకంలోనే కదలండి.

ఇదంతా కుదరలేదా, ఉయ్యాలకి స్టాండు చేయించుకోండి. రెండు పక్కలా ఇంగ్లీషు 'ఏ' (A) అక్షరం ఆకారంలో కాళ్ళు, పైన అడ్డదూలం. బరువంతా నేలకి పోతుంది, స్లాబుతో పేచీ లేదు. మీ అత్తగారు మొహం ముడుచుకుంటారని తెలుసు. మీ పాత ఇంటి దూలం ముక్క మిగిలి ఉంటే ఆ అడ్డదూలానికి వాడించండి, కొంత మెత్తబడతారు.

ఇంకా మండువాలు నిలుపుకున్న పాఠకులు కొందరు ఇది చదివి, మాకీ గొడవ లేదు, దూలముందిలే అనుకోవచ్చు. దూలం మధ్యలో నిక్షేపంగా ఉంటుంది. చెడేది గోడలో దూరిన కొస, తేమ అక్కడే నిలుస్తుంది, చెద అక్కణ్ణించే ఎక్కుతుంది. స్క్రూడ్రైవరుతో గోడ అంచున పొడిచి చూడండి. పావు అంగుళం మించి మెత్తగా దిగిందంటే ఆ దూలానికి ఉయ్యాల కాదు కదా అరటి గెల కూడా తగిలించకండి. తాటి దూలమైతే పైకి నల్లగా రాయిలా ఉండి లోపల గుల్లయిపోవడం మరీ మామూలు.

ఫాల్స్ సీలింగు వేయించుకున్న వాళ్ళకి ఒక్క మాట. జిప్సం బోర్డు దేన్నీ మోయదు. షాండ్లియరైనా, పూజగది గంటైనా కొక్కెం బోర్డుని దాటి స్లాబు దాకా వెళ్ళాలి.

చీర ఉయ్యాల సంగతి. పసిబిడ్డ బరువు మూడు నాలుగు కిలోలే, కాబట్టి ఇక్కడ భయం బరువుది కాదు. ఫ్యాను విప్పేసి, ఆ బాక్సులో తీగల కొసలకి టేపు చుట్టి, అదే కొక్కేనికి చీర కట్టేయడం మన ఇళ్ళలో మామూలైపోయింది. అలా వద్దు. బారసాల పూట ఎవరో ఒకరు అలవాటుగా ఫ్యాను స్విచ్చి వేస్తారు. మీరెలాగూ ఉయ్యాల బల్లకి గట్టి ఉంగరాలు వేయిస్తున్నారు కాబట్టి బల్ల తీసి పక్కన పెట్టి, వాటిలో ఒకదానికే కట్టుకోండి. పాత పట్టుచీరలు మడతల దగ్గర చివికి ఉంటాయి, నూలు చీర మేలు. నేలకి అడుగు ఎత్తు మించకుండా కట్టి, కింద పరుపు పరవండి. స్ప్రింగు ఉయ్యాలైతే స్ప్రింగు తెగినా బిడ్డ పడకుండా పక్కన వదులుగా ఇంకో తాడు ఉండాలి. మిగతా పిల్లలు అందులో ఎక్కి ఊగకుండా కాపలా కాయడమే అసలు పని. ముచ్చటకి కాసేపు వేసి ఊపండి, మనిషి పక్కనే ఉండండి. రాత్రి నిద్రకి మాత్రం చదునైన గట్టి పక్కే మంచిదని పిల్లల డాక్టర్లు చెబుతారు.

చివరిగా మీ గొలుసులు. పశువుల పాకలో ఉన్నాయని మీరు మామూలుగా రాసేశారు కానీ, ఉత్తరంలో నన్ను టెన్షన్ పెట్టిన వాక్యం అదే. పశువుల మూత్రం నుంచి అమ్మోనియా వస్తుంది. లోపల బిగువు దాచుకున్న ఇత్తడికి, అంటే చల్లగా సాగదీసి వంచి చేసిన తీగలకీ లింకులకీ, అమ్మోనియాతో పాటు తేమ తగిలితే పైకి ఏమీ తెలియకుండానే చిట్లు పుడతాయి. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన దేశంలోనే గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలంలో వాటంతటవే పగిలిపోయేవి. కారణం ఇదే అని తర్వాత తేలింది. పోత పోసిన చిలకలకి ఈ బెడద తక్కువ, లింకులకి ఎక్కువ.

కాబట్టి ప్రతి లింకూ చూడాలి. గొలుసు శుభ్రం చేసి ఆరబెట్టి, డీజిల్ పూసి కాసేపాగి పొడిగుడ్డతో బాగా తుడిచేయండి. తర్వాత మెత్తటి సుద్దపొడి పలచగా అద్దండి. చిట్లు ఉన్న చోట లోపల దాగిన నూనె పొడిలోకి ఊరి గీతలా కనిపిస్తుంది. అతుకుల దగ్గరా, లింకు వంపు లోపలివైపూ భూతద్దంతో వెతకండి. లింకు లింకుతో రాసుకునే చోట మందం పదో వంతు అరిగిపోయి ఉన్నా ఆ లింకు పనికిరాదు. ఒక్క చిట్లు కనిపించినా ఆ గొలుసులకి మోసే ఉద్యోగం తీసేయండి. లోపల స్టెయిన్‌లెస్ గొలుసు బరువు మోస్తుంది, ఇత్తడిది దాని వెంట అందానికి వేలాడుతుంది. చూసేవాళ్ళకి తేడా తెలియదు. చిట్లు లేకపోయినా నేనైతే ప్రతి గొలుసు వెంటా 8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ వైరు రోప్ వదులుగా వేయిస్తాను. దాని కొస మడిచి మూడు క్లిప్పులు బిగించాలి, క్లిప్పులో యు ఆకారపు ముక్క పొట్టి కొస మీదికి రావాలి. తిరగేసి బిగిస్తే బరువు మోసే తీగనే నలిపేస్తుంది.

తోమడానికి చింతపండు వాడుకోవచ్చు. కానీ ఆ పులుపు అతుకుల్లో నిలిచిపోనీయకుండా నీళ్ళతో రెండుసార్లు కడిగి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, లింకుల మధ్య రెండు చుక్కలు మెషీన్ ఆయిల్ వేయండి. కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్ళకి జిగటగా మారి దుమ్ము పడుతుంది, మన ఊళ్ళో చేతికందేది అదే అయినా సరే.